ఎలుకల పద్దు

ఎర్రగుడ్డ అట్ట, ఒక మూల చెదలు కొరికిన ఖాతా పుస్తకం.
మా నాయన చేతిరాత, చీమలబారు.
చిత్రభాను సంవత్సరం, చైత్రం నుంచి శ్రావణం దాకా
పుటపుటకీ ఇదే:
ఎలుకలు తిన్నవి, బుడ్డలు రెండు బస్తాలు.
ఎలుకలు తిన్నవి, కొర్రలు ఒక బస్తా.
ఎలుకలు తిన్నవి, దుప్పట్లు పదకొండు.

దుప్పట్లు తినే ఎలుకలు
మన గుంతకల్లులో ఎప్పుడుండె నాయనా అంటే
ఆయన నవ్వలేదు.
కళ్లజోడు తీసి పంచె కొసతో తుడుచుకుంటా
"ఉండెలేరా. రైల్లో దిగినవి" అన్నాడు.

రంగం మీద బాంబులు పడినాక
కొండలెక్కి, జలగల అడవి దాటి,
వెంట నడిచినోళ్లను దోవలోనే వదిలేసి
కలకత్తాలో రైలెక్కి, మద్రాసులో రైలు మారి
మూడో బండి కోసం మా జంక్షన్లో దిగినోళ్లు.
కొందరు ఆ మూడో బండి ఎక్కనేలేదు.
ఏ ఊరికి టికెట్టు అడగాలో
వాళ్ల నోటికి రాలేదు.

ఒకామె ఒళ్లో బిడ్డ లేదు.
చేతులు మాత్రం ఊపుతూనే ఉన్నాయంట.

నూనెమిల్లు వన్నూరప్పను మంచోడని
ఊళ్లో ఎవరూ అనలేదు, నేనూ అనను.
తక్కెడ ముల్లు మీద ఊదుతాడని పేరు.
బస్తాకి సేరు తరుగు తీయందే
రైతు చేతికి రూపాయి రాల్చేవాడు కాదు.
ఉగ్గాని తినేటప్పుడు కిందపడిన బొరుగును
దుమ్ము ఊది నోట్లో వేసుకునే మనిషి.
ఆ ఏడు పట్టాళానికి నూనె డబ్బాలు పంపి
ఉన్నది రెండింతలు చేసినాడు.
వానలు రాని సీమలో
యుద్ధమే ఆయనకు పండింది.

ఒక రాత్రి ప్లాట్‌ఫారం మీద
పోయే డబ్బాలు లెక్కబెట్టను పోయినాడు.
నూటా నలభై దాకా ఎంచి, ఆపేసి,
ఇంటికొచ్చి మా నాయన్ను లేపినాడు.
"ఓబులేసూ, గోదాములో సగం ఖాళీ చేయించు."
"ఎందుకన్నా ఇంత రాత్రి?"
"ఎలుకలొచ్చినాయి."

పొద్దునకు అరవైమంది.
గోనెపట్టల మీద పండుకున్నారు,
బుడ్డల పొట్టు వాసనలో.
దానం కింద రాద్దామా అని నాయన అడిగితే
వన్నూరప్ప చానాసేపు పలకలేదంట.
"దానమంటే పైన నా పేరు రాయాల.
నా పేరు డబ్బాల కింద ఉండాది కదా,
ఆడనే ఉండనీ."

భాగస్తుడైన తమ్ముడు పద్దు చూసి
బళ్లారి నుంచి పన్నెండు బోన్లు తెప్పించినాడు.
ఒక్కటీ పడలేదు.
బోన్ల ఖర్చు అన్న వాటాలో రాయించినాడు.
అదీ ఉంది ఈ పుస్తకంలో, ఆషాఢం పుటలో.

చేతులూపే ఆమెకు
మిల్లు ఆడోళ్లు ఒక చేట ఇచ్చినారు.
ఆ చేతులకు ఊపేదానికి ఒకటి దొరికింది.
రంగం నుంచి వచ్చిందని రంగమ్మ అన్నారు,
అసలు పేరు ఆమె చెప్పలేదు, ఎవరూ అడగలేదు.
ఇరవై రెండేళ్లు ఆ వాకిట్లో బుడ్డలు చెరిగింది.
బడికి పోతా నేను దోసిలి పడితే
గట్టి పప్పులు చూసి పోసేది.

తొమ్మిదేళ్లకు ఒకాయన బండి కట్టుకొని వచ్చినాడు,
ఆదోని పక్క పల్లె, ఒక కాలు కుంటు.
రెండు బస్తాల బుడ్డలు దించి
"ఇది మీదేనప్పా" అని చేతులు జోడించినాడు.
వన్నూరప్ప ఆయన మొగం చూడలేదు.
బస్తాలు తక్కెడకెక్కించి
సేరు లెక్కన తరుగు తీసి
ఆనాటి ధర కట్టి, చిల్లరతో సహా
ఆయన గుప్పిట్లో కుక్కినాడు.
కుంటాయన తిట్టుకుంటా, ఏడ్చుకుంటా పోయినాడంట.
నాయన రాసుకున్నాడు:
కొనుగోలు, బుడ్డలు రెండు బస్తాలు. తరుగు రెండు సేర్లు.

మిల్లు మూతబడి చానా ఏండ్లాయె.
పొగగొట్టం సగం కూలింది.
మొన్న పోయి గోదాము తలుపు నెట్టి చూసినా.
ఇప్పుడు నిజం ఎలుకలే ఉన్నాయి,
తినేదానికి ఏమీ లేక
గోడ సున్నం గీరుతున్నాయి.